పడవ సంతకం

"మళ్ళీ మునిగింది."

కాగితాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసి, పోయినవాళ్ళ గురించి మాట్లాడినంత జాలిగా చెప్పాడు పెయింటర్.

మాస్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టలేదు. పడేసింది. అది దొర్లుకుంటూ వెళ్ళి టీ గ్లాసుకు తగిలి ఆగింది.

పొద్దున ఐదున్నర నుంచి ఇదే పని. నోటుపుస్తకంలో నలభై పేజీలు అయిపోయాయి. పేజీకి పది సంతకాలు. అన్నీ ఆమె పేరే, అన్నీ ఆమె చేత్తో రాసినవే. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆమె సంతకంలా లేదు.

అసలు సంతకం ఎదురుగానే ఉంది, పాత చెక్కు కాగితం మీద. మొదటి అక్షరానికి గొడుగు పట్టినట్టు పైన ఒక వంపు. మధ్య అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడుస్తున్నట్టున్నాయి. చివరి అక్షరం నుంచి ఒక గీత కిందికి దిగి, వెనక్కి తిరిగి, పేరు మొత్తాన్నీ ఒళ్ళోకి ఎత్తుకుని, అటు చివర ముక్కు పైకి లేపి ఆగింది. అచ్చం పడవ. పేరు అందులో కూర్చుని షికారు వెళ్తున్నట్టుంటుంది. కింద రెండు చుక్కలు, నీళ్ళు చిందినట్టు.

పదకొండేళ్ళుగా బ్యాంకులో ఆమె సంతకం అదే. కాకపోతే ఆమె దాన్ని ఒక్కసారి కూడా పెట్టలేదు. అన్నీ ఆమె భర్త పెయింటరే పెట్టాడు.

"తోక దగ్గరికొచ్చేసరికి భయపడుతున్నావోయ్," అన్నాడు పెయింటర్. "భయపడితే గీత లావవుతుంది. గీత లావైతే బరువెక్కుతుంది. బరువెక్కితే మునగదా మరి? మణికట్టు వదులు చెయ్యి. చెయ్యి నీది కాదనుకో."

"నాది కాదనుకునే కదా పదకొండేళ్ళు గడిపింది!"

"అబ్బ, ఆ కోపం మాటల్లో కాదు, తోకలో చూపించు. ముక్కు అదే లేస్తుంది."

ఆమె చప్పుడయ్యేట్టు పేజీ తిప్పింది.

నిన్న సాయంత్రం బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఆఫీసరమ్మ గొంతు మర్యాదగానే ఉంది. "మేడమ్, లోను మీ జీతం మీద, ఇల్లు మీ పేరు మీద. కాబట్టి రేపు మధ్యాహ్నం మూడింటికి మీరే రావాలి. మా ఎదురుగా ముప్పై ఆరు చోట్ల సంతకాలు పెట్టాలి. మా రికార్డులో ఉన్న సంతకంలాగే ఉండాలి సుమా. నాలుగు లోపు పేపర్లు పైకి పంపితేనే ఎల్లుండి పొద్దున రిజిస్ట్రేషన్ టైముకి లోను చెక్కు మీ చేతికొస్తుంది." ఆమె సరేనండీ అంది. ఫోను పెట్టేశాక గానీ ఆ మాటలు లోపలికి దిగలేదు. దిగాక కుర్చీ వెతుక్కుంది.

ఈ రోజే ఆ మధ్యాహ్నం. రిజిస్ట్రేషన్ రేపు పదకొండింటికి.

గదిలోంచి కూతురు బ్యాగు భుజానికి తగిలించుకుంటూ వచ్చింది. చదివేది లెక్కలైనా ఇంట్లో అందరూ పిలిచేది లాయరనే. మాటలు వచ్చిన రోజు నుంచీ వాదిస్తోందని తండ్రి పెట్టిన పేరది.

"నాన్నా, దీన్ని ఫోర్జరీ అంటారు, తెలుసా?"

"పెళ్ళాం సంతకం మొగుడు పెడితే ఫోర్జరీ ఏమిటే? సాయం అంటారు."

"చట్టంలో సాయం అని సెక్షను లేదు."

"ఇంకోటి ఆలోచించు. నిన్నటిదాకా ఆ సంతకం పెట్టింది నేను. దాన్ని చూసి ఇప్పుడు కాపీ కొడుతోంది మీ అమ్మ. మరి ఇందులో దొంగ ఎవరు?"

తన జోకుకు తానే నవ్వాడు. ఆ నవ్వుకు ఎవరూ తోడు వెళ్ళలేదు. కాసేపు ఒంటరిగా తిరిగి అదే ఆగిపోయింది.

"బ్యాంకులో నిజం చెప్పేస్తే సరిపోతుంది కదమ్మా," అంది లాయరు.

"ఏమని చెప్పాలే? లోను అప్లికేషను మీద మీ నాన్న. జీతం కాగితం మీద మీ నాన్న. ఇల్లు అమ్మే గడియారాలాయనతో రాసుకున్న అగ్రిమెంటు మీదా మీ నాన్నే. నేనెక్కడున్నాను? ఫొటోలో ఉన్నాను. అంతే."

"ఫొటోలో బాగా పడ్డావు," అన్నాడు పెయింటర్.

"నాన్నా, ప్లీజ్. కాసేపు మనిషిలా ఉండు."

"ఉంటే ఈ ఇంట్లో మీరిద్దరూ రోజంతా ఏడుస్తూ కూర్చుంటారు."

ఆ మాట సరదాగానే అన్నాడు. కానీ చెప్పులేసుకుంటున్న లాయరు ఒక్క క్షణం ఆగి తండ్రి వైపు చూసింది. ఆయన తల తిప్పుకుని పెన్ను మూత వెతికాడు. మూత ఆయన చేతిలోనే ఉంది.

కూతురు వెళ్ళాక మాస్టరమ్మ నోటుపుస్తకం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

ఆమెకు కోపం ఎవరి మీద రావాలో తెలియడం లేదు. అదే అన్నిటికన్నా పెద్ద కోపం. పదకొండేళ్ళ కింద బళ్ళు తెరిచే నెల. యూనిఫాంల సీజను. ఆమె బట్టలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు, అందుకే మాస్టరమ్మ. పన్నెండు పొరల గుడ్డ ఒకేసారి కోసి, ఒక్క దారం కూడా అటూ ఇటూ పోనివ్వని చెయ్యి. అప్పుడే జీతాలు బ్యాంకులో వేస్తామన్నారు. ఖాతా ఫారం ఇంటికి పంపారు. ఆమె నేల మీద గుడ్డ పరిచి మోకాళ్ళ మీద వంగి ఉంది. "నువ్వు కత్తెర వదలకు, నేను గీకేస్తాలే," అన్నాడు ఆయన.

గీకలేదు. అరగంట కూర్చుని దిద్దాడు. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అది. రాసి తెచ్చి చూపిస్తే, ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వింది. "అబ్బ, ఎంత బాగుందండీ! నా పేరు ఇంత అందంగా ఉంటుందా?" అంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నది కాబట్టే ఆయన రెండో కాగితం మీదా పెట్టాడు, మూడోదాని మీదా పెట్టాడు. ఆమె ఎప్పుడూ కత్తెర వదల్లేదు. ఆయన ఎప్పుడూ పెన్ను వదల్లేదు.

"ఇంకో పేజీ," అన్నాడు పెయింటర్, ఈసారి మెల్లగా. "ఈ చివరి ఐదింటిలో ఒకటి తేలింది. మంచి శకునమే."

"ముప్పై ఆరు పెట్టాలండీ. ఐదింటికి ఒకటి తేలితే ఎన్ని తేలతాయి?"

పెయింటర్ వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి, వేళ్ళు ముడిచేసుకున్నాడు.

*

మధ్యాహ్నం పన్నెండుకు ఇల్లు చూపిస్తానన్నాడు గడియారాలాయన. అమ్మేవాడు ఆయనే. నలభై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి. పన్నెండంటే ఆయనకు పన్నెండే. పన్నెండూ రెండు నిమిషాలైతే తలుపు తీసి, ముందు గోడ గడియారం చూసి, తర్వాత మిమ్మల్ని చూస్తాడు.

"కొనే ముందు చివరిసారి చూసొద్దాం పద," అన్నాడు పెయింటర్ బయల్దేరుతూ.

"చివరిసారేమిటి ఆ మాట? ఇల్లు కొంటున్నామా, సాగనంపుతున్నామా?"

"సరే, మొదటి చివరిసారి."

బస్సు డిపో వెనక సందులో, మూడో మలుపు దగ్గర ఉంది ఆ ఇల్లు. పెద్దదేం కాదు. రెండు గదులు, వంటిల్లు, వెనక పంపు. అయితే ముందు గది పొడుగ్గా ఉంటుంది. దానికి రోడ్డు వైపు గోడంత కిటికీ. గడియారాలాయన అక్కడే కూర్చుని పళ్ళచక్రాలు చూసుకునేవాడట. వెలుతురు అంత చక్కగా పడుతుంది.

పెయింటర్ అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తెచ్చిన పట్టిక చూసుకుంటూ తిరిగాడు. పంపులు తిప్పాడు. స్విచ్చులు నొక్కాడు. తలుపు గొళ్ళేలు లాగి చూశాడు. నీటి బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఒరిజినల్ కాగితాలు అన్నీ గడియారాలాయన ఒక డబ్బాలో వరసగా పెట్టి ఉంచాడు. ఏదీ ఒక్క అంగుళం కూడా పక్కకు జరిగి లేదు.

మాస్టరమ్మ మాత్రం ముందు గది దాటి వెళ్ళలేదు. బ్యాగులోంచి టేపు తీసింది. గోడ నుంచి కిటికీ దాకా కొలిచింది. ఇది మూడోసారి కొలవడం. గదేమీ పెరగదని ఆమెకూ తెలుసు.

ఎనిమిదడుగుల బల్ల. దాని చుట్టూ మనిషి తిరగడానికి చోటు. ఇప్పుడుండే అద్దె గదుల్లో బయటి ఆర్డర్లన్నీ నేల మీదే కోస్తుంది. లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి. కూర్చునేటప్పుడు మనసు గట్టిచేసుకోవాలి. మోకాళ్ళ డాక్టరు ఆమెను పైకీ కిందికీ చూసి, "ఇంకా నేల మీద కూర్చుని పని చేస్తే తర్వాత ఆ పనీ చేయలేవమ్మా," అన్నాడు. నిలబడి గుడ్డ కోయాలి. ఆమెకు ఇల్లంటే అదే. మిగతా గదులు ఆ గదికి తోడొచ్చిన చుట్టాలు.

"మందుల షాపతను కూడా అడిగాడమ్మా ఇల్లు," అన్నాడు గడియారాలాయన వెనక నుంచి. "సరుకు పెట్టుకుంటాడట. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. రేపు పదకొండు దాటితే వస్తానని కబురు కూడా చేశాడు. నాకు ఎల్లుండి పొద్దున రైలు. మా చెల్లెలి ఇంటికి. ఆగడానికి వీల్లేదు."

"దాటదండీ," అంది ఆమె.

"దాటదని నాకూ తెలుసు. నీకే ఎందుకిస్తున్నానో చెప్పనా? మొదట అతనూ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. చూశాను. రెండు గీతలు, ఒక పోటు. పని సగంలో వదిలేసి ఎటో పరిగెత్తే మనిషి. తర్వాత నీ అగ్రిమెంటు వచ్చింది." ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఎంత చక్కటి సంతకమమ్మా! ఆ కింద గీత చూడూ, ఎక్కడా తొందర లేదు. ఎంత తీరిగ్గా బతికే మనిషో అనుకున్నాను. ఇలాంటి చేతిలో ఇల్లు భద్రంగా ఉంటుంది అనిపించింది."

"ఏదోనండీ, అంతా మీ అభిమానం," అన్నాడు పెయింటర్, చెయ్యి గుండెల మీద పెట్టుకుని.

గడియారాలాయన అతని వైపు తిరిగాడు. "నిన్ను కాదయ్యా."

పెయింటర్ చెయ్యి గుండెల మీద నుంచి జారి జేబులోకి పోయింది. ఏదో వెతికినట్టు నటించింది. ఏమీ దొరకలేదు.

మాస్టరమ్మ టేపు చుట్టుకుంటూ ఉంది. చుట్టుకుంటూనే ఉంది. అయిపోయిన టేపును ఇంకా ఎలా చుట్టగలదో ఆమెకే తెలియాలి.

ఇద్దరూ బస్‌స్టాపుకు నడిచారు. బెంచీ మీద ఇద్దరి మధ్యా ఇద్దరు మనుషులు కూర్చోగలంత చోటు మిగిలింది. అందులో పెయింటర్ డాక్యుమెంట్ల ఫైలు పెట్టాడు, మధ్యవర్తిలా.

"తీరికట," అంది ఆమె చివరికి.

"పెద్దాయన. ఏదో మెచ్చుకున్నాడు."

"ఎవరిని?"

పెయింటర్ బస్సు వచ్చే వైపు చూశాడు.

"ఈ పదకొండేళ్ళలో నాకు తీరిక ఏ రోజు ఉందో ఒక్కటి చెప్పండి. ఒక్క రోజు. ఆ ఆదివారం, ఆ పూట అని చెప్పండి, నేను నోరు మూసుకుంటాను."

"నీకు లేదనే కదా నేను..." ఆయన ఆగాడు. తర్వాత మాట మామూలుగా బయటికి రాలేదు, తడుముకుంటూ వచ్చింది. "నువ్వు వంగి కోస్తుంటే, పక్కన కూర్చుని నీ పేరు రాశాను. మరి నీ పేరన్నా కాస్త నడుం వాల్చనీ అనుకున్నాను. అంతే. అందులో నేను ఇంకేమీ అనుకోలేదు."

ఆమె ఆయన వైపు చూసింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన ఇలాంటి మాట అన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ ఒక చేతి వేళ్ళు చాలు.

కోపం ఒక మెట్టు దిగింది. దిగుతుండగానే ఆయన పాడుచేశాడు.

"అయినా బోర్డులన్నీ మిషన్లు ప్రింటు కొట్టేస్తున్నాయి కదా. నా చేతి రాత ఇప్పటికీ చెల్లుబాటయ్యేది బ్యాంకు ఒక్కచోటే. ఆ ఒక్క గిరాకీ కూడా నువ్వు లాగేసుకుంటే ఎలా?" అని నవ్వాడు.

"అదన్నమాట," అంది ఆమె.

"ఏదన్నమాట?"

"మీకు అదొక బోర్డు. నా పేరు రాసిన బోర్డు. లోపల దుకాణం ఎవరిదైతే మీకేం?"

"అబ్బా, జోకేశానే!"

"నేను వెయ్యలేదు."

బస్సు వచ్చింది. ఆమె ఆడవాళ్ళ సీటులో ముందు కూర్చుంది. ఆయన వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఫైలు ఎవరి దగ్గరుందో ఇద్దరికీ రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూశారు. బెంచీ కనపడలేదు.

పెయింటర్ డ్రైవరును కేకేసి బస్సు ఆపించి, దిగి, పరిగెత్తాడు. యాభై ఏళ్ళ మనిషి, నడిరోడ్డు మీద, చొక్కా వెనక జెండాలా ఎగురుతుంటే. అరగంట తర్వాత బ్యాంకు మెట్ల దగ్గరికి ఫైలు గుండెకు హత్తుకుని చేరాడు. ముఖమంతా చెమట.

"ఒక ముసలావిడ దాన్ని తలకింద పెట్టుకుని పడుకుందోయ్," అన్నాడు ఒగరుస్తూ. "లేపడానికి మనసొప్పలేదు. అయినా లేపాను."

ఆమె నవ్వలేదు. కొంగుతో ఆయన నుదురు తుడవబోయి, గుర్తొచ్చి, కొంగు వెనక్కి తీసుకుంది.

*

ఆఫీసరమ్మకు పాతికేళ్ళుంటాయేమో. గాజు గదిలో, ఏసీ చలికి భుజాల మీద శాలువా కప్పుకుని, కంప్యూటరు పక్కన కాగితాల కట్ట పెట్టుకుని కూర్చుంది. సంతకం పెట్టాల్సిన ప్రతి చోటా పసుపు రంగు చీటీ అంటించి ఉంది. కట్ట పక్క నుంచి చూస్తే నాలుకలు బయటపెట్టి వెక్కిరిస్తున్నట్టున్నాయి.

"కూర్చోండి మేడమ్. సార్, మీరూ కూర్చోండి. మొదటిది ఇక్కడ."

మాస్టరమ్మ పెన్ను పట్టుకుంది. మణికట్టు వదులు చేసింది. చెయ్యి తనది కాదనుకుంది. గొడుగు వచ్చింది. అక్షరాలు భుజాల మీద చేతులేసుకున్నాయి. తోక దిగింది, తిరిగింది, ముక్కు లేచింది. రెండు చుక్కలు.

తేలింది!

పక్కన పెయింటర్ ఊపిరి వదిలిన చప్పుడు గాజు గదంతా వినిపించింది.

ఆఫీసరమ్మ స్క్రీను చూసింది. కాగితం చూసింది. మళ్ళీ స్క్రీను. "సరే మేడమ్. రెండోది."

రెండోది మునిగింది. మూడోది సగం మునిగింది. నాలుగోదానికి ముక్కు లేవలేదు. ఐదోదానికి తోక పక్క గళ్ళోకి వెళ్ళి ఎవరి పేరునో ఎక్కించుకోబోయింది.

"మేడమ్, ఒంట్లో బాగుందా? చెయ్యి వణుకుతోంది."

"ఏసీ అండీ," అన్నాడు పెయింటర్. "మా ఇంట్లో ఫ్యాను కూడా మూడో నంబరు మీదే తిరుగుతుంది. అలవాటు లేదు."

ఆఫీసరమ్మ మర్యాదకు నవ్వి, వెంటనే ఆపేసింది. "ఒకదానికొకటి పోలిక లేదు మేడమ్. ఇలా పంపితే పైనుంచి వెనక్కి కొడతారు. రేపటికి అందదు." టైము చూసింది. "మూడూ ఇరవై అయింది. ఒక పని చేద్దాం. సంతకం మార్పు ఫారం ఉంది. చాలామందికి వయసుతో సంతకం మారుతుంది, తప్పేం కాదు. ఈ గళ్ళో పాత సంతకం, ఈ గళ్ళో కొత్త సంతకం. పాతది మా రికార్డుతో సరిపోయిందంటే కొత్తది ఎక్కించేస్తాను. తర్వాత మీకు సులువైనది ఎన్ని చోట్లయినా పెట్టుకోవచ్చు."

మాస్టరమ్మ ఫారం వైపు చూసింది. "పాతది సరిగ్గా పెట్టగలిగితే కొత్తది ఎందుకండీ?"

ఆఫీసరమ్మ ఒక క్షణం ఆలోచించింది. ఆ ప్రశ్న ఇంతవరకు ఆమెనెవరూ అడిగినట్టు లేదు. "రూలు మేడమ్," అంది.

"ఒక్కటే కదోయ్," అన్నాడు పెయింటర్ గుసగుసగా. "ముప్పై ఆరు కాదు, ఒక్కటి. ఇందాక మొదటిది తేల్చావుగా. అలాంటిది ఒక్కటి. తోక దగ్గర భయపడకు."

ఆమె ముందు కొత్త సంతకం గళ్ళో పెన్ను పెట్టింది. వర్క్‌షాపు హాజరు పుస్తకంలో రోజూ పెట్టేదే పెట్టింది. విడివిడిగా నాలుగు అక్షరాలు. పలక మీద పిల్లలు రాసినట్టు. గొడుగూ లేదు, తోకా లేదు. దేని మీదా ఎక్కకుండా తమ కాళ్ళ మీద తాము నిలబడ్డాయి.

చెయ్యి వణకలేదు.

ఆమె దాన్ని కాసేపు చూసింది. అందంగా లేదు. ఎవరూ దాన్ని చూసి తీరిక ఉన్న మనిషి అనరు. కానీ ఇదీ ఆమె పేరే. పదకొండేళ్ళుగా ఏ బ్యాంకు కాగితం మీదా ఎవరూ రానివ్వకపోయినా, అది చెరిగిపోకుండా ఉంది.

"బాగుంది. ఇప్పుడు పాతది," అంది ఆఫీసరమ్మ.

మాస్టరమ్మ పెన్ను పాత గడి మీదికి తెచ్చింది. ఆపింది. పక్కకు చూసింది.

పెయింటర్ కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. చూపుడువేలు కదులుతోంది. ప్యాంటు గుడ్డ మీద గొడుగు వేసింది, అక్షరాలు నడిపించింది, తోక దించింది. ఆయనకు తెలియకుండానే ఆయన వేలు ఆమె పేరు రాస్తోంది. తప్పు లేకుండా. నీళ్ళ మీద తేలినంత తేలిగ్గా.

అది చూశాక ఆమె లోపల ఏదో పుటుక్కున తెగింది. పొద్దుటి నుంచి లాగుతున్న దారమే కావచ్చు.

ఆమె ఫారాన్ని బల్ల మీద పక్కకు తిప్పింది. ఆయన ముందుకు జరిపింది. పెన్ను దాని మీద పెట్టింది.

"ఇదిగోండి. కొత్తది నాది, నేను పెట్టాను. పాతది మీది, మీరు పెట్టండి."

పెయింటర్ నోరు తెరిచాడు. అందులోంచి జోకు రాలేదు.

ఆఫీసరమ్మ శాలువా సర్దుకోవడం ఆపింది. ఫారం చూసింది. ఆయన చెయ్యి చూసింది. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి ఏవో పాత కాగితాలు ఒక్కొక్కటే తెరిచింది. ఖాతా ఫారం. లోను అప్లికేషను. అగ్రిమెంటు. ప్రతిదాని దగ్గరా ఒక్క క్షణం ఆగింది. గాజు గది బయట టోకెను నంబరు పిలిచారు. ఎవరో లేచి వెళ్ళారు.

"ఇవన్నీ," అంది ఆఫీసరమ్మ. ఇప్పుడా గొంతులో సార్, మేడమ్ లేవు. "ఇవన్నీ పెట్టింది ఎవరు?"

"నేనేనండీ," అన్నాడు పెయింటర్. "ఆవిడకేమీ తెలీదు."

"నాకు తెలుసు," అంది మాస్టరమ్మ. మాట ఆయన మాట మీదే పడింది. "అన్నీ తెలుసు. నేనే పెట్టమన్నాను."

"ఎప్పుడన్నావే నువ్వు? నేనే గీకేస్తానన్నాను!"

"బాగుందన్నాను కదా! బాగుందంటే పెట్టమనే కదా అర్థం?"

"మేడమ్, ఆవిడ మాట వినకండి. కోపంలో ఉంది."

"ఆయన మాట అసలే వినకండి. ఆయన ఎప్పుడు నిజం చెప్తాడో ఎప్పుడు వేళాకోళం ఆడతాడో ఇన్నేళ్ళ బట్టి నాకే తెలీదు."

పొద్దుటి నుంచి తప్పు నీదంటే నీదని కొట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు నాదంటే నాదని కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆఫీసరమ్మ రెండు చేతులూ ఎత్తింది. ఇద్దరూ ఆగారు.

గోడ మీద మూడూ ముప్పై ఎనిమిది.

ఆఫీసరమ్మ కాగితాల కట్టను ఫైలులో పెట్టి మూసింది. పసుపు నాలుకలన్నీ లోపలికి పోయాయి. ఫారం మాత్రం విడిగా తీసుకుంది, ఖాళీ గడి పైకి కనపడేట్టు. లేచి, మేనేజరు గది తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

పెయింటర్ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"మీరు కాదు," అంది ఆఫీసరమ్మ. "ఆవిడ ఒక్కరే వచ్చి మేనేజరు గారితో మాట్లాడాలి. మీరు ఇక్కడి నుంచి కదలొద్దు. ఆ పెన్ను కూడా ముట్టుకోవద్దు."

మాస్టరమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఆయన అలవాటు కొద్దీ చెయ్యందించాడు. ఆమె ఆ చెయ్యి వైపు చూసింది. పట్టుకోలేదు. బల్ల మీది పెన్ను తీసుకుని లోపలికి నడిచింది.